చెఱకు దేశముల సాక్ష్యము

“ఈ దేశమునకు పదియేండ్లపాటు ఒక నియంత కావలెను” అను మాట మనలో నానాటికి హెచ్చుగా వినవచ్చుచున్నది. రైలుపెట్టెలలో వినవచ్చుచున్నది; వకీళ్ల విశ్రాంతి గదులలో వినవచ్చుచున్నది; ఇటీవల చేతనున్న ఫోనులో గడియగడియకు వినవచ్చుచున్నది. ఇది పామరుల మాట కాదు. పామరుడు తన వోటును వదలుకొన నిష్టపడడు. మండుటెండలో గంటలకొలది వరుసలో నిలిచి, వ్రేలికి సిరా పూయించుకొని, తృప్తితో ఇంటికి పోవుచున్నాడు. ఆ వరుసలో నిలుచుటకు తీరికలేని విద్యావంతులే ఈ మాటను శాస్త్రమువలె వల్లించుచున్నారు. పేదదేశమునకు ముందు అన్నము, పిదప వోటు అని వారి మొదటి సూత్రము. పలు జాతులు, పలు మతములు, పలు భాషలు గల దేశమున ప్రజాప్రభుత్వము కలహములకే దారితీయునని రెండవ సూత్రము. ఈ రెంటికిని దృష్టాంతముగా సింగపూరు పేరొకటి ఉచ్చరించి, వాదము ముగిసినదని కండువా దులుపుకొని లేచుచున్నారు.

ముగియలేదు. దేశములను పోల్చుటకొక మర్యాద కలదు. జపానును కాంగోను ప్రక్కప్రక్కన నిలిపి నీతులు పిండువాడు ఏ నీతినైనను పిండగలడు. పోలిక నిజమైన పోలిక కావలెనన్న, ఒకే విత్తునుండి మొలచి వేర్వేరు విధముల పెరిగిన మొక్కలను చూడవలెను. అట్టివి ప్రపంచమున మూడు కలవు: హిందూమహాసముద్రమున మారిషసు, పసిఫిక్ సముద్రమున ఫిజీ, దక్షిణ అమెరికా ఉత్తరపుటంచున గయానా. మూటిని బ్రిటిషువారే పాలించిరి. మూట చెఱకే పంట, చక్కెరయే వర్తకము, తోటదొరయే దేవుడు. మూటికిని మన దేశమునుండియే కూలీలను ఓడలకెక్కించి కొనిపోయిరి.

ఆ కథ మన పాఠ్యపుస్తకములలో నాలుగు పంక్తులకు మించి లేదు. మారిషసున బానిసత్వము 1835లో రద్దయినది. పరిహారము బానిసకు రాలేదు, యజమానికి వచ్చినది. మారిషసు యజమానులకు ముట్టిన మొత్తము 20 లక్షల పౌనులకు పైమాట. చేతికి వచ్చిన ఆ సొమ్ముతో వారు క్రొత్త చేతులకై వెదకిరి. 1834 నవంబరు 2వ తేదీన ‘అట్లాసు’ అను ఓడ 36 మంది భారతీయ కూలీలతో పోర్టులూయీ రేవున దిగినది. తరువాతి డెబ్బదియైదేండ్లలో ఆ చిన్నదీవికి చేరినవారు నాలుగున్నర లక్షల మంది. మారిషసులో ఈ యేర్పాటు లాభసాటిగా నున్నదని విని, గయానాలో తోటలుగల జాన్ గ్లాడ్‌స్టను తనకును అట్టి కూలీలను పంపుడని కలకత్తా వర్తకులకు వ్రాసెను; ఈయన పిమ్మట ఇంగ్లండు ప్రధానియైన ఉదారవాది గ్లాడ్‌స్టనునకు తండ్రి. 1838 మొదలు 1917 వఱకు గయానాకు సుమారు 2,39,000 మంది, 1879 మొదలు 1916 వఱకు ఫిజీకి సుమారు 60,000 మంది పోయిరి. వీరిలో మన తెలుగువారు తక్కువ కారు. కాకినాడ దాపున గోదావరి పాయ ఒడ్డుననున్న కోరంగి రేవునుండి పోయినందున మారిషసులో తెలుగువారికి ‘కోరంగీలు’ అనియే పేరు పడినది. ఫిజీకి 1903 నుండి మదరాసు రేవు మీదుగా పోయినవారిలోను ఉత్తర సర్కారులవారు, చిత్తూరు సీమవారు కలరు. కావున ఈ మూడు దేశముల సంగతి మనకు పరాయి సంగతి కాదు.

గయానాకు 1966లోను, మారిషసునకు 1968లోను, ఫిజీకి 1970లోను స్వాతంత్ర్యము వచ్చినది. ఈ మూటిలో దేనికి భవిష్యత్తు కలదని ఆనాటి పండితు నొకనిని అడిగియుండిన, మారిషసు పేరు చెప్పియుండడు. గయానాకు రెండు లక్షల చదరపు కిలోమీటర్లకు పైబడిన నేల కలదు, అడవులు కలవు, బాక్సైటు గనులు కలవు. మారిషసు వైశాల్యము, చిన్న దీవులతో చేర్చి, 2,040 చదరపు కిలోమీటర్లు; మన జిల్లా యొకదానిలో మూల నిమిడిపోవును. గనులు లేవు, నూనె లేదు. ఎగుమతులలో నూటికి తొంబది పాళ్లు చక్కెర. దోమలను చంపి మలేరియాను అణచినందున జననములు నిలిచి, మరణములు తగ్గి, జనసంఖ్య ఏటేట నూటికి మూడువంతున పెరుగుచుండెను. ఇంగ్లండునుండి వచ్చిన ఆర్థికశాస్త్రజ్ఞుడు జేమ్సు మీడు 1961లో ఆ దీవిని పరీక్షించి, శాంతియుతమైన అభివృద్ధికి అచట ఆశ స్వల్పమని తేల్చెను. మీడు సామాన్యుడు కాడు. 1977లో నోబెలు బహుమానము పొందినవాడు. 1972లో వి. ఎస్. నైపాలు ఆ దీవిని గూర్చి వ్రాసిన వ్యాసమునకు బానిసల కొట్టడి పేరు పెట్టి, అందులో జనము క్రిక్కిరిసియున్నారని ఎత్తిపొడిచెను. జాతుల సంగతియా, మీడు భయపడినదానికన్న అధ్వాన్నముగా నుండెను. 1967 ఎన్నికలలో నూటికి నలువదిమందికి పైగా స్వాతంత్ర్యమే వలదని వోటుచేసిరి. హిందువుల రాజ్యము వచ్చునని క్రియోలులకును, ఇతరులకును భయము. 1968 జనవరిలో, స్వాతంత్ర్యోత్సవము రెండు నెలలుండగా, పోర్టులూయీలో క్రియోలులకు ముసల్మానులకు నడుమ కత్తులు దూసికొనగా, బ్రిటిషు సైనికులను రప్పింపవలసివచ్చినది.

దృఢహస్తమును కోరువారు ఇంతకన్న తగిన రోగిని ఎచ్చట చూపగలరు? పేదరికము, ఒంటిపంట, క్రిక్కిరిసిన జనము, కత్తులు దూసిన జాతులు. వారి సూత్రము ప్రకారము ఈ దేశమున వోటులను మూటగట్టి అటకమీద పెట్టి, ఒక సేనాపతిని పిలువవలసియుండెను. మారిషసువారు పిలువలేదు. పిలుచుటకు సేనయు లేదు. నేటికిని ఆ దేశమునకు నిలుకడ సైన్యము లేదు, పోలీసు దళమే కలదు. వారికి ఉన్నది వోటు. ఆ వోటు ఎట్లు వచ్చినదో తెలిసినగాని దానిని వారేల వదలలేదో బోధపడదు.

1948 వఱకు ఆ దీవిలో వోటుగలవారు సుమారు 12,000 మంది. ఆస్తిపరులు, అందులో హెచ్చుపాలు తెల్లవారు. కూలీలు కూలికై నోరెత్తిన 1937లో తుపాకులు ప్రేలినవి. 1943లో మరల ప్రేలి, అంజలై అను గర్భవతియగు కూలిస్త్రీ కూలినది. యుద్ధానంతరము క్రొత్త రాజ్యాంగమున ఒక సడలింపు దొరకినది: ఆ దీవిలో వాడుకలోనున్న ఏదేనొక భాషలో చిన్న వాక్యములు చదివి వ్రాయగలవానికి వోటు. ఆ భాషల పట్టికలో తెలుగు కలదు. పగలంతయు చెఱకు నరికినవారు రాత్రి ‘బైఠకా’లలో గుడ్డిదీపము చుట్టు కూర్చుండి అక్షరములు దిద్దిరి. బసుదేవ్ విష్ణుదయాలు జనాందోళనమున చేరిన యువకులు గ్రామగ్రామమున తిరిగి వారిచే దిద్దించిరి. 1948 ఎన్నికలనాటికి వోటర్లు 70,000 దాటిరి. నూఱేండ్లు వ్రేలిముద్ర వేసిన జాతి మొట్టమొదట సంతకము చేసినది ఒప్పందపు కాగితముమీద కాదు, వోటర్ల పట్టిక కొఱకు. 1959లో వయోజనులందఱికి వోటు వచ్చినది. ఇట్లు సంపాదించుకొన్న వస్తువును, “ముందు అన్నము తినుడు, ఇది తరువాత చూతము” అని ఎవడైన అడిగిన, ఆ కూలి ఏమని యుండును? అన్నమునకై దిద్దితిననియే చెప్పియుండును.

అన్నము వచ్చినదా? వచ్చిన మార్గమును చూడుడు. వృద్ధులకు పింఛను 1950లో మొదలై, 1958 నుండి ఆస్తి ఆదాయముల విచారణ లేకుండ వృద్ధులెల్లరకు ఇయ్యబడెను. బీదదేశమునకు ఇది తగని విలాసమని పలువురు పండితులు గొణిగిరి. 1975 మే 20వ తేదీన విద్యార్థులు వేలకొలదిగా వీథులకెక్కిరి. ప్రభుత్వము మొదట లాఠీలతో బదులుచెప్పినను, ఎన్నికలు దగ్గఱనుండుటచే ఆలోచింపవలసివచ్చినది. ఆ యేటనే వోటు వయస్సు 21 నుండి 18కి దిగినది. 1977 నుండి మాధ్యమిక విద్య ఉచితమైనది. ఇది దాతృత్వమని మేమనము. వోటుకు వెఱచి ఇచ్చినదే. వెఱపించి ఇప్పించుకొనుటకే గదా వోటున్నది! ఈ వ్యయములకు ధనము చక్కెరమీది ఎగుమతి సుంకమువలన వచ్చినది. తోటదొరల భూములను ప్రభుత్వము లాగుకొనలేదు. వారిని వెడలగొట్టను లేదు. వారి లాభములో పాలు పట్టినది. ఆ దొరలు తమ సొమ్మును ఫ్రాన్సునకో దక్షిణాఫ్రికాకో తరలింపక, 1970 నాటి ఎగుమతి పరిశ్రమల చట్టము వచ్చినపిదప, హాంకాంగు వర్తకులతో కలిసి బట్టల మిల్లులలో పెట్టిరి. 1980ల దశకము నడిమినాటికి చక్కెరను మించి దుస్తులు ఓడలకెక్కుచుండెను. ఆ మిల్లులలో పనిచేసినవారిలో హెచ్చుమంది స్త్రీలు. వారికి పురుషులకన్న తక్కువ కూలి ఇచ్చిరనుట నిజము. ఇంటినుండి వెలుపలికి వచ్చి, తమ జీతము తాము లెక్కించుకొన్నారనుటయు నిజము. ఆ దశకారంభమున అయిదుగురిలో ఒకడు పనిలేక తిరుగుచుండగా, దశకాంతమున మిల్లులకే పనివాండ్రు చాలలేదు.

జనసంఖ్య మాట యేమి? మీడు భయమంతయు దానిని గూర్చియే. పదునైదేండ్లలో జననములు సగమునకు దిగినవి. కుటుంబనియంత్రణ సంఘము 1957 నుండి పనిచేసినది. కతోలికులు తమ మతమున కంగీకారమగు పద్ధతిలో వేరొక సంఘము నడిపిరి. బాలికలు బడికి పోయిరి. ఒక్క మనిషినైన పట్టి బల్లమీద పడవేయలేదు. ఇదే కాలమున మన దేశమున 1975 నుండి 1977 వఱకు దృఢహస్తము రాజ్యమేలినది. ఒక్క యేట 60 లక్షలకు పైగా శస్త్రచికిత్సలు జరిగినవి. పల్లెలను చుట్టుముట్టి, జీతములు నిలిపి, రేషను కార్డులు బిగబట్టి చేయించినవి ఎన్నో. ఫలితమేమి? కుటుంబనియంత్రణమను పేరు వినినంతనే ప్రజలు పారిపోవు స్థితి తరువాత చాలకాలము నిలిచినది. నియంత కావలెనని నేడు కోరువారిలో ఆ ఇరువదియొక్క నెలలను చూచినవారు కొందఱు కలరు. జ్ఞాపకశక్తికిని విద్యకును సంబంధము లేదని దీనివలన తేలుచున్నది.

ఇక గయానాను చూతము. అచట ప్రజల మొదటి నాయకుడు చెడ్డీ జగను 1953లో ఎన్నికలు గెలువగా, 133 దినములకే బ్రిటిషు ప్రభుత్వము రాజ్యాంగమును రద్దుచేసి సైన్యమును దింపినది. జగను సామ్యవాది యను భయముతో ఇంగ్లండును అమెరికాయు కలిసి ఫార్బ్సు బర్న్‌హామును పైకి తెచ్చినవి. 1964లో గద్దెనెక్కిన బర్న్‌హాము 1968లోను, 1973లోను, 1980లోను జరిపినవి ఎన్నికలు కావు, ఎన్నికల నాటకములు. 1974లో తన పార్టీయే ప్రభుత్వమునకు పైదని ప్రకటించెను. బాక్సైటును, చక్కెరను జాతీయము చేసెను. దేశపు ఆర్థికవ్యవస్థలో నూటికి ఎనుబదిపాళ్లు ప్రభుత్వహస్తములోనికి వచ్చినదని చెప్పుకొనిరి. ఇంతకన్న దృఢమైన హస్తము దొరకునా? ఆ హస్తము 1980ల ఆదిని గోధుమపిండి దిగుమతిని నిషేధించినది. తాత నాటినుండి రొట్టెకు అలవాటుపడిన కూలి కుటుంబములు సరిహద్దు దాటించిన పిండిని దొంగచాటుగా కొని తినవలసివచ్చినది. చరిత్రకారుడు వాల్టరు రాడ్నీ నల్లవారిని భారతీయులను ఒక్కటి చేయబూనగా, 1980 జూన్ 13వ తేదీన బాంబు ప్రేలి మరణించెను. అన్నమును, వోటును రెంటిని కోల్పోయిన జనము టొరంటోకు, న్యూయార్కునకు, లండనుకు వలసపోయినది. 1992లో గాని అచట నిజమైన ఎన్నిక జరుగలేదు. అందు జగనే గెలిచెను, ముప్పది యేండ్లు ఆలస్యముగా. నేడు సముద్రగర్భమున నూనె దొరకి, 2019 చివరనుండి ధనము వరదగా వచ్చుచున్నది. అయినను 2020 మార్చిలో జరిగిన ఎన్నిక ఫలితమును తేల్చుటకు అయిదు నెలలు పట్టినది. నూనె ఇరువదియేండ్లలో వచ్చును. లెక్కింపునం దుండవలసిన నమ్మకము అంత త్వరగా రాదు.

ఫిజీ కథ మఱింత సమీపమైనది. 1987 ఏప్రిలులో డాక్టరు తిమోచి బావడ్రా నాయకత్వమున భారతీయులు, ఫిజీ కార్మికులు కలిసి ఎన్నికలు గెలిచిరి. బావడ్రా ఆదివాసి ఫిజీయుడే. నెల తిరిగినంతనే, మే 14వ తేదీన, లెఫ్టినెంటు కర్నలు సితివేని రబూకా సైనికులు శాసనసభలో చొచ్చి మంత్రులను బంధించిరి. 2000లో జార్జి స్పైటు మహేంద్ర చౌధురీ ప్రధానిని శాసనసభలోనే 56 దినములు చెఱపెట్టెను. 2006లో సేనాపతి బైనిమారామ అవినీతిని తొలగించెద ననుచు మరల సైన్యమును దింపెను; 2009లో రాజ్యాంగమును త్రోసివేసి, పత్రికాకార్యాలయములలో పరీక్షకులను కూర్చుండబెట్టెను. 1986 జనగణనయందు జనాభాలో సగమునకు కొంచెము తక్కువగానున్న భారతీయులు 2007 నాటికి నూటికి 37 మందికి తగ్గిరి. పోయినవారెవరు? వైద్యులు, ఉపాధ్యాయులు, లెక్కలు తెలిసినవారు. మిగిలిన చెఱకు రైతుల కౌలుగడువులు 1997 నుండి తీఱిపోవ నారంభింపగా, వేలకొలది కుటుంబములు నేల విడిచినవి. 1990ల దశకమున అయిదులక్షల టన్నులు తాకిన చక్కెర ఇటీవల రెండు లక్షలకు లోబడినది.

ఇచట నొక ఆక్షేపణ కలదు; దానిని దాటవేయుట న్యాయము కాదు. మారిషసున ఆదివాసులు లేరు, అందఱును వచ్చినవారే. ఫిజీలో నేలకు తొలినుండి ఒడయులు కలరు, ఆ నేల పోవునను భయము వారికుండుట సహజము. నిజమే. కాని రబూకా తుపాకి ఆ భయమును తీర్చినదా? నేల 1987కు పూర్వమే నూటికి ఎనుబదిపాళ్లకు పైగా ఫిజీయుల సమష్టి ఆస్తి, చట్టప్రకారము అమ్మరానిది. సైనికుని వలన పల్లెటూరి ఫిజీయునికి క్రొత్తగా ఒక్క సెంటు చేరలేదు. జాతి పేరిట ఏలినవారి కాలములో ఫిజీ జాతీయ బ్యాంకు అయినవారికెల్ల అప్పులిచ్చి, ఇరువదికోట్ల ఫిజీ డాలర్లకు మించిన మొండిబాకీలతో 1990ల నడుమ కూలినది. ఆ నష్టము పల్లెటూరివాని పన్నునుండియే పూడినది. ఆ రబూకాయే 2022లో ఎన్నికలద్వారా ప్రధానియై, 2023 మేలో భారతీయులను బహిరంగముగా క్షమాపణ వేడెను. మంచిది. సిడ్నీలోను, ఆక్లండులోను స్థిరపడినవారు ఆ వార్త పత్రికలో చదువుకొనిరి.

మఱియొక ఆక్షేపణ. మారిషసునకు అదృష్టము కలిసివచ్చినదందురు: 1975 నాటి లోమే ఒడంబడికలో యూరపు దేశములు దాని చక్కెరకు స్థిరమైన మంచి ధర ఇచ్చెననియు, ఆ ధరయే దానిని గట్టెక్కించెననియు. ఆ ధర వచ్చిన మాట వాస్తవము. మారిషసునకు దొరకిన పాలు అన్నిటికన్న పెద్దది. అయితే అదే ఒడంబడికలో ఫిజీకి పాలు కలదు, గయానాకును పాలు కలదు. మూటికి ఒకే కొట్టులో ఒకే ధర. ఒకచోట ఆ ధనము బడులుగా, మిల్లులుగా మాఱినది. రెండుచోట్ల అట్లు మాఱలేదు. అదృష్టమును పంచిపెట్టినవారిని ఐదేండ్లకొకమాఱు లెక్క అడుగు హక్కు ప్రజలకున్నచోటనే అది పని చేసినది.

మారిషసు పాలకులకు ఆ శోధన రాలేదా? వచ్చినది. 1971లో సమ్మెలు చెలరేగగా శివసాగర్ రామ్‌గులాము ప్రభుత్వము అత్యవసర పరిస్థితిని ప్రకటించి, పాల్ బెరాంజే మొదలగు యువనాయకులను చెఱపెట్టి, పత్రికలకు సంకెళ్లువేసి, 1972లో జరుగవలసిన ఎన్నికను వాయిదావేసినది. మన నియంతాభిమానులు ఇదిగో అని చప్పట్లు కొట్టవచ్చును. కాని 1976లో ఎన్నిక జరుపక తప్పలేదు. ఆ ఎన్నికలో, నాలుగేండ్ల క్రిందట చెఱలోనున్న వారి పార్టీకే అన్నిటికన్న హెచ్చు స్థానములు వచ్చినవి. 1982లో వారి కూటమి దీవిలోని 60 స్థానములలో 60ని గెలిచినది. జాతిపితయని పేరొందిన రామ్‌గులాము తన స్థానమునే పోగొట్టుకొనెను. తుపాకి ప్రేలలేదు. ఓడినవాడు ఇంటికి పోయెను. గెలిచినవారు మఱుసటి యేట ఆయననే గవర్నరు జనరలుగా నియమించిరి. చెఱకు కూలికి జన్మించిన పిల్లవానికి ఓడింపబడుట ఎట్లో తెలిసినది. బర్న్‌హాము ఇది నేర్వకయే 1985లో పదవిలోనే చనిపోయెను.

సింగపూరు సంగతి చెప్పవలసియున్నది. సింగపూరు ఒక మహానౌకాశ్రయము. దానిని పాలించినవాడు మేధావి, నిర్ధనులకు ఇండ్లు కట్టించినవాడు. అచటను క్రమము తప్పక ఎన్నికలు జరుగుచునే వచ్చినవి. ఒక్క లీ క్వాన్ యూను చూపి నియంతృత్వమునకు ఓటడుగువారు, లాటరీలో గెలిచినవాని ఫోటో చూపి టికెట్లమ్ము వ్యాపారివంటివారు. గెలువనివారి ఫోటోలు ఏవి? జయీరున మొబూటూ 1965 నుండి 1997 వఱకు. ఫిలిప్పైన్సున మార్కొసు 1986 వఱకు. ఉగాండాలో ఈదీ అమీను, 1972లో తొంబది దినముల గడువిచ్చి ఆసియావారిని వెడలగొట్టి, తన దేశపు అంగళ్లకు తానే తాళము వేసికొన్నవాడు. ఇంత దూరమేల? మనకు బర్మా చాలదా? రంగూను రేవులో మూటలు మోసినవారిని గూడ కోరంగీలనియే పిలిచిరి. 1962 మార్చి 2వ తేదీన సేనాపతి నేవిను అధికారమును చేకొనెను. అంగళ్లు, బియ్యపుమిల్లులు, బ్యాంకులు జాతీయమైనవి; మనవారు కట్టుబట్టలతో ఓడలెక్కిరి. విశాఖపట్టణపు బర్మా క్యాంపును చూచినవారికి ఈ సంగతి వేఱుగ చెప్పనక్కరలేదు. వెడలగొట్టినపిదప బర్మా బాగుపడినదా? 1987లో నేవిను ఇరువదియైదు, ముప్పదియైదు, డెబ్బదియైదు చాట్ల నోట్లను పరిహారము లేకయే రద్దుచేసి, తనకు శుభమని నమ్మిన తొమ్మిదవ అంకెకు సరిపోవునట్లు నలువదియైదు, తొంబది చాట్ల నోట్లు అచ్చువేయించెను. ఒకప్పుడు లోకమునకు బియ్యము పెట్టిన ఆ దేశము ఆ యేడే అత్యల్పాభివృద్ధి గల దేశముల పట్టికలో చేరినది. వోటున్న దేశములో ఏ మంత్రియు జ్యోతిష్కుని మాటపై ఇంతపని చేసి మఱునాడు వీథిలో నడువజాలడు.

మారిషసు స్వర్గమని చెప్పుట మా అభిప్రాయము కాదు. అచట పెద్దతోటలు ఇప్పటికిని కొన్ని కుటుంబముల చేతులలోనే యున్నవి. బానిసల సంతతియగు క్రియోలులకు చక్కెరలోను, మిల్లులలోను తక్కువ పాలు దక్కినది. 1999 ఫిబ్రవరిలో కాయా అను గాయకుడు పోలీసు ఖైదులో మరణింపగా దీవి నాలుగు దినములు మండినది. శాసనసభలో జాతుల సమతూకమునకై ఓడినవారిలోనుండి ఎనమండుగురిని తీసికొను పద్ధతి ఆనాడు భయములను తీర్చినను, అభ్యర్థి తన మతమును చెప్పక తప్పని స్థితిని నేటివఱకు నిలిపినది. చాగోసు దీవుల ప్రజలను 1973 నాటికి పూర్తిగ వెళ్లగొట్టి అమెరికా సైన్యమునకు స్థలము చేసినది ఇంగ్లండు; కాని పోర్టులూయీ మురికివాడలకు చేరిన ఆ నిర్భాగ్యులను మారిషసు ప్రభుత్వము ఆదరించిన తీరు చెప్పుకొనదగినది కాదు. మన బొక్కసమునకును ఆ దీవి హాని చేసినది. 1982 నాటి పన్ను ఒప్పందమును అడ్డుపెట్టుకొని, ఒక్క గదియు ఒక్క పేరుపలకయు గల కంపెనీల ద్వారా మన దేశమునకు వచ్చిన విదేశపు పెట్టుబడి ఒక కాలమున మొత్తములో సుమారు మూడవవంతు. లాభముపై ఇచటను పన్ను లేదు, అచటను లేదు. 2016లో గాని ఆ త్రోవ మూయబడలేదు. అన్నిటికన్న విచిత్రము మిల్లులలో నున్నది. కూలీల మనుమలు ఆ పనికి ఒల్లక పోవుటచే, బంగ్లాదేశమునుండి, మడగాస్కరునుండి, మన దేశమునుండి ఒప్పందముమీద పనివారిని తెచ్చి వసతిగృహములలో నుంచుచున్నారు. ఒప్పందపుకూలి అనిన ఏమో ఆ దీవికి ఎవరును నేర్పనక్కరలేదు.

ఈ దోషములన్నియు అచటి పత్రికలలో అచ్చుపడుచున్నవి, శాసనసభలో కేకలకు గుఱియగుచున్నవి. బానిసత్వ, కూలిత్వముల చరిత్రను విచారించిన సత్యన్యాయ సంఘము 2011లో భూమి లాగికొనబడిన కుటుంబముల సంగతిని వివరముగా ప్రకటించినది. 2024 నవంబరు ఎన్నికలకు ముందు అధికారులు, రాజకీయవేత్తలు మాటలాడుకొన్న టెలిఫోను సంభాషణలు రహస్యముగా పట్టి దాచినవి బయటపడగా, ప్రవింద్ జుగ్నాథు ప్రభుత్వము సామాజిక మాధ్యమములనే ఎన్నికలు ముగియువఱకు మూసివేయ నాజ్ఞాపించినది. దేశమంతయు మండిపడగా ఆ యాజ్ఞను వెంటనే ఉపసంహరింపవలసివచ్చినది. నవంబరు 10వ తేదీన వోట్లు పడినవి. 62 స్థానములలో 60 ప్రతిపక్షమునకు పోయినవి. లెక్క ముగియకముందే జుగ్నాథు తన ఓటమిని ఒప్పుకొనెను. అంతటి బలముతో వచ్చిన నవీన్ రామ్‌గులాము ప్రభుత్వము 2025 జూన్ బడ్జెటులో వృద్ధాప్యపు పింఛను వయస్సును 60 నుండి 65కు క్రమముగా పెంచ నిశ్చయించినది. బొక్కసము వట్టిపోయినదని మంత్రుల మాట. 1958 నుండి ఉన్న హక్కు ఇదియని కార్మికసంఘముల మాట. సంఘములవారు పోర్టులూయీ వీథులలో జెండాలతో నడచిరి. తదుపరి ఎన్నికలు 2029లో రావలసియున్నవి.